ఎనక అర్ర పిలుపు

మంగళవారం, రాత్రి

నా శాంత ఫోన్ల కొరియా సీరియల్ చూసుకుంట నవ్వేది. "అమ్మా, ఆళ్ల పాత ఇండ్లు గూడ మా అత్తగారిల్లు లెక్కనే. ముందట మొగోళ్లు, ఎనక ఆడోళ్లు, నడుమ గోడ."

ఓనాడు శాంత జరమొచ్చి ఎనక అర్రల నుంచి పిలిస్తే ముందటున్న మామ ఇన్నడు. "ఆడోళ్ల దిక్కు నేనెట్ల పోత?" అన్నడట. నా బిడ్డ పానం గా అర్రల్నే పోయింది.

ఇయ్యాల మనవరాలిని చూడనీకి బిజినేపల్లిల శాంత అత్తగారింటికి పోయిన. నన్ను ఇంట్ల ఉండుమని వియ్యపురాలు చేనుకు పోయింది. పక్షవాతమొచ్చిన వియ్యంకుణ్ణి ఇప్పుడు గదే అర్రల పండబెట్టిండ్రు.

"చెల్లె, జర నీళ్లియ్యి" అని పిలిచిండు.

ముందట ఆయన కుర్చీలనే కూసున్న. "అన్నా, మొగోళ్లున్న అర్రకు ఆడదాన్ని నేనెట్ల వస్త?" అన్న.

మల్ల పిలవలే. రేపు గూడ పోత. ఆయన మల్ల పిలవాలె...