బావ తుపాకీ మీది దుర్భిణి

పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున తోరణం కట్టిన సమస్త బెలూన్లకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నేటినుంచి మీ ప్రాణాలకు ప్రభుత్వ రక్షణ కలదు.

నవ్వు బావా. నువ్వు పోయి సరిగ్గా ఏడాది. బెలూన్లు కొట్టే తుపాకులకు దుర్భిణి బిగించవచ్చా కూడదా అని పొద్దున సారం పేటలోని సర్కారు ఆఫీసుకు అంగళ్ళవాళ్ళందరినీ పిలిచి అడిగారు.

మన పనిలో తుపాకీ మీద గురి చూసే ముల్లు, దెబ్బ తప్పేట్టు కాస్త వంచే పెడతాం. నువ్వొక్కడివే దుర్భిణి బిగించి, కొట్టిన ప్రతివాడికీ తగిలేట్టు చేశావు. జనమంతా నీ దగ్గరికే. పక్క అంగట్లో నేను ఈగలు తోలుకునేవాణ్ణి. నువ్వు పోయాక నీ చోట అక్క కూర్చున్నా అదే వరస. నాకు కడుపు మండదా?

అయినా లేచి వాదించాను. "బొమ్మ తుపాకీకి భయమేంది సార్? కన్ను ఆనని ముసలోళ్ళు గూడా దాంతోనే కొడతారు."

"తుపాకీ బొమ్మదే, దుర్భిణి అసలుది. రేపు ఎవడైనా దాన్ని అసలు తుపాకీకి బిగిస్తే?" అన్నాడు ఆఫీసరు. తీసేయమనే తేల్చారు.

అక్క దాన్ని విప్పి కొంగులో చుట్టుకుంది. సాయంత్రానికి జనం మళ్ళీ అక్కడే. వంగిన ముల్లును తిన్నగా చేసి, పక్కన నిలబడి గురి చూపిస్తోంది, అచ్చం నీలాగే.

ఒక్క మాట కల్పించాను బావా. లేచి వాదించింది అక్క. మాట సాయానికి తను నావైపు చూసినప్పుడు నేను వంగి కాలి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాను.