పండులో లేదంట

12 అక్టోబర్ 1984
వంటింట్లో అడుగుపెట్టే వీల్లేదు నాకు. నీళ్ల కుండ కూడా ముట్టుకోకూడదు. ఆత్మకూరు నుంచి మా అమ్మ పంపిన అరటిపండ్లలో ఒకటి ఒలిచి ఆడబిడ్డ ఫాతిమాకిచ్చాను. అంతే! సగం తినకముందే పెదాలు ఉబ్బి గొంతు బిగుసుకుంది. పండులో మందు పెట్టానంట. మా అత్త మస్తాన్‌బీ ఉదయగిరి బజారంతా వినేటట్టు అరిచింది. నాకేం ఖర్మ, చెల్లెలిలాంటి పిల్లకు మందు పెట్టడానికి?

వరికుంటపాడు నుంచి ఒకాయన వచ్చి పసరు తాపించి కక్కించాడు. మందు బయటపడలేదు. పేగుకి అంటుకుపోయి ఉండాదని చెప్పి వెళ్లాడు.

20 అక్టోబర్
ఇంటి వెనక కాంగ్రెస్ గడ్డి తెల్లగా పూసింది. ఏటా ఈ రోజుల్లో ఫాతిమాకి తుమ్ములే తుమ్ములు. మా ఆయన బాషా ఆమెను నెల్లూరు తీసుకెళ్లాడు. ఆ గడ్డి పుప్పొడి పడనివాళ్లలో కొందరికి కొన్ని పండ్లు కూడా పడవని అక్కడి డాక్టరు చెప్పాడంట. ఏది పడదో చూడటానికి బ్లడ్ తీసి మద్రాసు పంపారు. రిజల్ట్ రానీ, నీ మీద మాట పోతాదిలే అన్నాడు ఆయన. యా అల్లా, ఎంత ఏడ్చానో!

2 నవంబర్
రాలేదు.

9 నవంబర్
పుట్టింటికి పోతానన్నాను. పోతే తప్పు ఒప్పుకున్నట్టే గదా అన్నాడు ఆయన. ఉంటే ఈ బతుకు. తలుపు తీసే ఉంది, ఎక్కడికి పోను?

18 నవంబర్, సాయంత్రం
రిజల్ట్ వచ్చింది. గడ్డి పుప్పొడికి పాజిటివ్, చాలా ఎక్కువ. అరటిపండుకి నెగెటివ్.

నా కొంప మునిగింది. పరీక్షకు వాడే పండు సారం చెడిపోతే బ్లడ్‌లో తెలియదనీ, తాజా పండుతో ఆస్పత్రిలోనే చూడాలనీ, ఇంట్లో మాత్రం తినిపించొద్దనీ డాక్టరు చెప్పాడంట. అత్త చెవికెక్కితే గదా. పండులో ఏం లేదని మద్రాసోళ్లే చెప్పినారు, ఇంక ఉండేది దాని చేతిలోనే అని ఇంటింటికీ చెప్పుకొస్తోంది.

నమాజు అయ్యాక దువాలో ఏం అడిగానో రాయడానికి సిగ్గేస్తోంది. ఫాతిమా గొంతు ఇంకోసారి వాయాలని అడిగాను. వేరేవాళ్ల చేత్తో.

19 నవంబర్
అత్త బస్టాండులో అరటిపండ్లు కొనుక్కొచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, ఒట్టి పండుతో ఏమీ కాదని చూపిస్తానని అందరి ముందూ తనే ఒలిచి ఫాతిమా నోట్లో పెట్టింది. వద్దత్తా, డాక్టరు వద్దన్నాడు అనాలి నేను. మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. కిటికీ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

రెండు ముక్కలు లోపలికి పోకముందే కళ్లు తేలేసింది. జీపులో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇంజక్షన్లు వేస్తే ఊపిరి తిరిగింది. బతికింది.

21 నవంబర్
ఇప్పుడు ఎవరి చెయ్యి అమ్మా అని ఆయన నిలదీశాడు. అత్త తడుముకోలేదు. ఆ పాత మందే ఇంకా కడుపులో ఉండాది, పండు తగిలి లేచినాది అందంట. అందరూ తలూపారంట.

25 నవంబర్
ఫాతిమా అన్నం కంచంతో నా గదికి వచ్చింది. భాబీ, ఆకలేస్తా ఉండాది, నీ చేత్తో కలిపి పెట్టు అంది.

కంచంలో చెయ్యి పెట్టలేకపోయాను.