జులై దాటితే కాగితాలు తీసుకోను

1995 జూన్ 20, మంగళవారం

ఉదయం 8.10. ఒట్టు. ఈసారి నిజంగా ఒట్టు!

ఇరవై రెండేళ్లుగా ఆదిలాబాద్‌లో కూర్చుని వ్యాపారులకు ఇన్‌కంటాక్స్ రిటర్నులు రాసిపెడుతున్నాను. ఇరవై రెండేళ్లూ గడువు ఆఖరి రోజైన ఆగస్టు ముప్పై ఒకటిన సంచి చంకన పెట్టుకుని ఆఫీసు వరసలో నిలబడ్డాను. ఈ ఏడు నిలబడను.

కారణం రాసిపెట్టుకోవాలి, తర్వాత మరిచిపోయాననడానికి వీల్లేకుండా. మా ఆవిడ దేవకికి రెండు కళ్లకూ శుక్లాలు. కుడి కన్ను ముదిరిందని, ఆపరేషన్ చేయించమని నిజామాబాద్ కంటి డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడు. మొదటి ఏడు ‘ఆగస్టు పోనీ’ అన్నాను. ఆగస్టు పోతే అక్టోబరు ఆడిట్లు వచ్చాయి. రెండో ఏడూ అదే పాట. నిన్న నేనే ఫోన్ చేసి తేదీ తీసుకున్నాను. ఆగస్టు 21, సోమవారం. నేనే తీసుకెళ్తాను, నేనే పక్కన కూర్చుంటాను.

నియమాలు:
1. జులై 31 దాటితే ఎవరి కాగితాలూ తీసుకోను. దేవుడు వచ్చినా సరే.
2. ఆగస్టు 15కల్లా అన్నీ దాఖలు.
3. టైపు మిషనుకు సెలవు. కంప్యూటరు!

మధ్యాహ్నం 1.00. మొదటి నియమాన్ని బోర్డు మీద రాయించి వాకిట్లో తగిలించాను. దేవకి బోర్డు కింద ముగ్గు వేసింది. సంతోషంగానే ఉన్నట్టుంది.

జూన్ 24, శనివారం

ఉదయం 10.30. కంప్యూటరు వచ్చింది! కరీంనగర్ నుంచి సిద్దిరాములు తెచ్చాడు. పన్ను లెక్కలు కట్టే ప్రోగ్రాం తనే రాశాడట. కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాం. ఆ గదిలోకి ఇకమీదట చెప్పులతో ఎవరూ రాకూడదు.

అంకెలు కొడితే చాలు, పన్ను దానంతట అదే తేలుతుందట. వెనక్కి పోయి దిద్దుకోవడం మాత్రం ఇంకా పెట్టలేదట. ఒక్క అంకె తప్పినా మొదటి నుంచి కొట్టాలి. తప్పితే కదా, అని నవ్వాను.

ఇది మరాఠీ చదువుతుందా అని దేవకి అడిగింది. వచ్చే ఏడు చదివిస్తానన్నాడు సిద్దిరాములు.

ఆమె అడగడంలో అర్థం ఉంది. నా కక్షిదారుల్లో సగం మంది భైంసా పత్తి వ్యాపారులు. వాళ్ల గుమాస్తాలు పద్దులు మరాఠీలో రాస్తారు, అంకెలతో సహా. నాకు ఒక్క ముక్క రాదు. దేవకి పుట్టిల్లు భైంసాయే, బడిలో మరాఠీ చదువుకుంది. ఆమె చదువుతుంది, నేను ఎక్కిస్తాను. పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో ఆగస్టు అంటే ఇదే.

జులై 5, బుధవారం

సాయంత్రం 6.00. వచ్చినవాళ్లు: సున్న.

భైంసాలో దామోదర్‌రావుకు ఫోన్ చేశాను. పత్తి జిన్నింగు మిల్లు ఆయనది. ఆయన ఎటు నడిస్తే భైంసా బజారంతా అటే నడుస్తుంది. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

“ఆషాఢంల కొత్త మిషన్ల పేరెక్కిస్తరా, రావు సాబ్? శ్రావణం రానీయుండ్రి.”

ఇంకేమంటాను. రానీయాలి.

జులై 19, బుధవారం

మధ్యాహ్నం 3.15. నా రిటర్నే నాలుగుసార్లు కొట్టి సాధన చేశాను. ప్రింటరు ఒక వరస కిందికి జరుగుతోంది. ఇంటి అద్దె కాస్తా వ్యవసాయ ఆదాయమై కూర్చుంది. సెంటు భూమి లేకుండా రైతునయ్యాను! కరెంటు పదకొండుకు పోయి ఒంటిగంటకు వచ్చింది, నాలుగుకు మళ్లీ పోతుందట.

ఆఫీసు గదిలో అరవై బల్బు తీసేసి నూరుది పెట్టమంటోంది దేవకి. ముందు కంప్యూటరుకు స్టెబిలైజరు కావాలి, బల్బుకు తొందరేముంది. ఈ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ధ్యాస ఎక్కడుందో!

జులై 31, సోమవారం

సాయంత్రం 5.00. గడువు ముగిసింది. చేరిన కాగితాలు: నావి పూర్తిగా, బోథ్‌లో నూనె గానుగ నడిపే రుక్మాబాయివి సగం.

సాయంత్రం 5.40. పెయింటర్ని పిలిపించి బోర్డు మీద ‘జులై 31’ కొట్టేయించి ‘ఆగస్టు 7’ రాయించాను. ఇది సడలింపు కాదు. ఆషాఢం పోయి నాలుగు రోజులే అయింది. న్యాయంగా చూస్తే జులై ఇప్పుడే మొదలైంది.

ఆగస్టు 8, మంగళవారం

ఉదయం 11.00. దామోదర్‌రావు వచ్చాడు. ఒక్క రోజు ఆలస్యం. గొడుగు బోర్డుకు తగిలించి, మూడు ఎర్రగుడ్డ అట్టల పద్దు పుస్తకాలు బల్ల మీద పెట్టి, నీళ్లు అడిగాడు.

దేవుడు వచ్చినా తీసుకోననే రాశాను. దామోదర్‌రావు సంగతి రాయలేదు.

ఆగస్టు 10, గురువారం

మధ్యాహ్నం 12.30. అద్భుతం! దేవకి కిటికీ దగ్గర కూర్చుని చదివింది, నేను కొట్టాను, మిషను తేల్చింది. పోయినేటి పన్నులో సగం కూడా లేదు!

సాయంత్రం 4.00. దామోదర్‌రావు కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు. ఇదెట్లా అని అడిగాడు. నాకూ తెలియదు అని ఉండాల్సింది. “కంప్యూటరు” అన్నాను. ఆయన చెప్పులు విడిచి ఆ గదిలోకి వెళ్లి దానికి దండం పెట్టి వచ్చాడు. తన లాభం ఎంతో తనకు తెలియదా అని నేను అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాడు.

సంతకాలు పెట్టేశాడు. దాఖలు మాత్రం పొలాల అమావాస్య వెళ్లాక చేయమన్నాడు. అంటే ఇరవై ఆరు దాటాక. సరేనన్నాను.

ఆగస్టు 14, సోమవారం

ఉదయం 9.00. భైంసా మొదటి బస్సు మా ఇంటి ముందే దిగినట్టుంది. పదకొండు మంది! చంకల్లో ఎర్ర పుస్తకాలు. పన్ను తగ్గించే మిషను ఎక్కడని అడుగుతున్నారు.

మినహాయింపులు (వీళ్లకు మాత్రమే):
— ముగ్గురు దామోదర్‌రావు బంధువులు.
— ఇద్దరు తిండి కూడా తినకుండా వచ్చారు.
— రుక్మాబాయి. తక్కిన సగం కాగితాలు ఇప్పుడు దొరికాయట. ఏడ్చింది.
— ముత్యం. రెండేళ్ల కిందట నన్ను వదిలి నిర్మల్‌లో వేరొకరి దగ్గరికి పోయినవాడు. తిరిగి వచ్చాడు! ఇతన్ని ఎట్లా పంపేస్తాను?
— మిగిలినవాళ్లు ముత్యాన్ని చూపించి అడిగారు.

బోర్డును గోడవైపు తిప్పాను.

ఆగస్టు 18, శుక్రవారం

ఉదయం 8.45. నిజామాబాద్‌కు ఫోన్ చేసి ఆపరేషన్ 28కి మార్పించాను. వారమే. వారంలో కన్ను ఎక్కడికీ పోదు.

దేవకి సరేనంది. పుస్తకాలు తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుంది. పోట్లాడితే బాగుండేది.

సాయంత్రం 6.30. ఈ రోజు ఆరు పుస్తకాలు చదివింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, కొంగుతో తుడుచుకుంటూనే చదివింది. విశ్రాంతి తీసుకోమన్నాను. టీ పెట్టి వచ్చి మళ్లీ కూర్చుంది.

ఆగస్టు 23, బుధవారం

మధ్యాహ్నం 2.00. ప్రింటరు బాగుచేయడానికి సిద్దిరాములు వచ్చాడు. అందరి పన్నూ తగ్గిందని గొప్పగా చూపించాను. అతను సంతోషించలేదు. తన ప్రోగ్రాంలో అట్లా తగ్గడానికి ఏమీ లేదన్నాడు. పోయినేడు మార్చి ఆఖరున గోదాములో ఉన్న సరుకే ఈ ఏడు ఏప్రిల్ మొదటి సరుకు కావాలి, అది సరిపోయిందా అని అడిగాడు. నా వృత్తిలో మొదటి పాఠం అది. ఇరవై ఆరేళ్ల కుర్రాడు నాకు గుర్తుచేశాడు.

సరిపోలేదు. పోయినేడు తొమ్మిది ఉన్నచోట ఈ ఏడు ఒకటి ఉంది. అమ్మకాల్లోనైతే తొమ్మిది అన్నదే లేదు, అన్నీ ఒకట్లే; పన్ను తగ్గింది అక్కడే. పన్నెండు మంది పుస్తకాల్లోనూ అంతే.

మధ్యాహ్నం 3.00. పుస్తకం తీసుకుని దేవకి దగ్గరికి వెళ్లాను. ఈ అంకె ఏమిటని అడిగాను. కిటికీ దగ్గరికి పోయి ముక్కుకు ఆనించుకుని చూసింది. ఒకటి అంది. మరాఠీలో ఒకటికీ తొమ్మిదికీ కొస ఒక్కటే తేడా.

నేను ఏమీ అనకముందే ఆమెకు అర్థమైంది. పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుంది.

“ఉగాది సంది కొసలు కనవడ్తలేవు. అందాజ మీద సదువుతున్న.”

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

“చెప్పిన. బల్బు అడిగిన.”



ఆగస్టు 25, శుక్రవారం

ఉదయం 10.00. దామోదర్‌రావును పిలిపించి ఉన్న సంగతి చెప్పాను. లెక్క తప్పు, పన్ను పోయినేటి కంటే ఎక్కువే రావచ్చు అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

“వదినమ్మ కండ్లు మంచిగనే ఉన్నయి, రావు సాబ్. ముట్టకుండ్రి. ఆపరేషన్ దసరా ఎన్క చేపియ్యుండ్రి, నేను కారు పంపిస్త.”

రుక్మాబాయికి ఈ సంగతి ఎట్లా తెలిసిందో, తన పుస్తకం దేవకి చేతనే చదివించమని బతిమాలింది. సిగ్గేసింది. సిగ్గు వాళ్లను చూసి కాదు. ఒక టీ తాగినంతసేపు నేనూ ఆలోచించాను. ఎవరికి తెలుస్తుంది, పంపేద్దామా అని. ఇది రాయకపోతే డైరీ ఎందుకు?

ఆగస్టు 26, శనివారం

మధ్యాహ్నం 12.00. పొలాల అమావాస్య. భైంసాలో ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి ఊరేగిస్తున్నారు, ఫోన్ ఎత్తేవాడు లేడు. ఇక్కడ పన్నెండు లెక్కలు మొదటి నుంచి. దేవకి చదవలేదు. నాకు రాదు. మరాఠీ చదివేవాళ్ల కోసం వీధులు తిరిగాను. వాళ్లంతా పండక్కి వెళ్లారు.

ఆపరేషన్ సెప్టెంబరు 4కి మారిస్తే? ఆమెతో కూర్చుని, ఒక్కొక్క అంకే భూతద్దంతో...

ఆగస్టు 27, ఆదివారం

ఉదయం 9.30. సెప్టెంబరు 4 అన్నాను. దేవకి తల ఊపింది. తర్వాత వాళ్ల తమ్ముడు సుదర్శన్‌రావుకు ఫోన్ చేసి బాగోగులు మాట్లాడింది.

ఆగస్టు 28, సోమవారం

ఉదయం 6.20. సుదర్శన్‌రావు జీపు వేసుకుని వచ్చాడు. దేవకి సంచి సర్దుకుని వరండాలో కూర్చుని ఉంది. నాకు విషయం అర్థమయ్యేలోపు జీపు ఎక్కేసింది. నేనూ వస్తానన్నాను, చొక్కా కోసం లోపలికి పరిగెత్తాను. సుదర్శన్‌రావు వెనకాలే వచ్చాడు.

“మీరు లెక్కలు జూస్కోండ్రి బావా. అక్కను నేను జూస్కుంట.”

కోపంగా అనలేదు. అందుకే చొక్కా మళ్లీ వంకీకి తగిలించాను.

ఉదయం 7.00. బల్ల మీద ఒక పెద్ద కాగితం. సున్న నుంచి తొమ్మిది దాకా మరాఠీ అంకెలు, ఒక్కోటి అరచేయంత, పక్కన మన అంకె. ఒకటికీ తొమ్మిదికీ కింద రెండేసి గీతలు. చూపు ఆననందుకే అంత పెద్దగా రాసి ఉంటుంది.

ఆగస్టు 29, మంగళవారం

మధ్యాహ్నం 1.30. వినాయక చవితి. పూజ లేదు, పత్రి లేదు. ఆ కాగితం, నేను, పద్దు పుస్తకాలు. గుమాస్తాలు వాడే మాటలు ఎన్నో లేవు. కొన్నది, అమ్మినది, మిగిలింది. పోయినేటి లెక్క పక్కన పెట్టుకుని మూడు పేజీలు చూస్తే పట్టుబడ్డాయి. అంకెలు పది. నేర్చుకోవడానికి రెండు గంటలు పట్టింది.

రెండు గంటలు! ఇరవై రెండేళ్లలో నాకు రెండు గంటలు దొరకలేదు. ఆమె చదువుతుంది కదా అని ఊరుకున్నాను. ఆపరేషన్ వాయిదా పడింది ఆగస్టు వల్ల కాదు, నా బద్ధకం వల్ల. 

సాయంత్రం 4.00. కరెంటు పోయింది. టైపు మిషను మీద గుడ్డ తీశాను.

ఆగస్టు 31, గురువారం

మధ్యాహ్నం 3.50. ఆఫీసు వరసలో రాస్తున్నాను. సంచి చంకలో ఉంది. ముందర ముప్పై మంది, వెనక లెక్కలేదు. లోపల తొమ్మిది రిటర్నులు, అన్నీ సరైన అంకెలతో. తొమ్మిది మందీ నన్ను తిడుతూనే సంతకం పెట్టారు. దామోదర్‌రావు, మరో ఇద్దరు పెట్టలేదు. ఎర్ర పుస్తకాలు చుట్టుకుని వెళ్లిపోయారు. వచ్చే ఏడు భైంసా బజారు నా వైపు చూడదు.

ఆపరేషన్ అయిందని సుదర్శన్‌రావు మా ఇంటికి కాకుండా పక్కింటికి ఫోన్ చేసి చెప్పాడట. నన్ను పిలవమనలేదట.

సెప్టెంబరు 1, శుక్రవారం. నిజామాబాద్

ఉదయం 11.00. కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టారు. దేవకి నన్ను చూసి, భోజనం చేశారా అని అడిగింది. లెక్కలయ్యాయా అని అడగలేదు.

ఎడమ కంటికి ఆరు నెలల తర్వాత రమ్మన్నాడు డాక్టరు. మార్చి. మార్చి అంటే ఏడాది ఆఖరు, కుదరదే అన్నాను. మాట నోరు దాటిపోయింది. సుదర్శన్‌రావు కిటికీ వైపు తిరిగాడు. పోనీ ఏప్రిల్ అంటే కొత్త పద్దులు, జూన్ అంటే ఉద్యోగుల రిటర్నులు. వరండాలోకి వచ్చి వేళ్ల మీద పన్నెండు నెలలూ లెక్కపెట్టాను. ఖాళీ నెల ఒక్కటీ లేదు.

లోపలికి వెళ్లేసరికి దేవకి డాక్టరుతో మాట్లాడి తేదీ రాయించుకుంది. మార్చి 11, సోమవారం.

“మీరు వస్తే రండ్రి. రాకుంటె తమ్ముడస్తడు.”

సాయంత్రం 5.20. ఒట్టు. ఈసారి నిజంగా ఒట్టు! ఆసుపత్రి చీటీ వెనకాల రాశాను:

1. ఫిబ్రవరి 15 దాటితే ఎవరి కాగితాలూ తీసుకోను.
2. మరాఠీ పద్దులు నేనే చదువుకుంటాను.
3. మార్చి 11న దేవకి పక్కన నేనే.

తీసుకెళ్లి దేవకికి ఇచ్చాను. నల్లద్దాలు నుదుటి మీదికి జరిపి, ఎడమ కన్ను చేత్తో మూసుకుని, చీటీ చేతికందినంత దూరం పట్టుకుని చూసింది. పై నుంచి కింది దాకా చూసి, మళ్లీ పై నుంచి చూసింది. తర్వాత మడిచి నా జేబులో పెట్టింది.

“అక్షరాలు మంచిగ కనవడ్తున్నయి” అంది.