మూడో వంతెన కొలత

సలాలా, ఒమన్,
శనివారం.

అక్కయ్యకు,

నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు బి.పి. మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా? మా హారిక సరిగ్గా అన్నం తింటోందని, స్కూలు మానడం లేదని తలుస్తాను. మీ ముగ్గురూ ఆరోగ్యంగా ఉంటే నాకు అంతే చాలు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీకు వినబడక స్పీకరు పెడతావు. హారిక పక్కనే ఉంటుంది. ఇది తను వినకుండా నీకు చెప్పవలసిన సంగతి. మా స్కూల్లో లెక్కలు చెప్పే ప్రకాశం గారు మంగళవారం ఇంటికి బయల్దేరుతున్నారు. వాళ్ళది పాలకొల్లు. రాజమండ్రిలో విమానం దిగి రావులపాలెం మీదుగానే వెళ్తారు కాబట్టి మీ ఇంటికొచ్చి ఇచ్చి వెళ్తానన్నారు. వస్తే కాఫీ ఇవ్వు. పంచదార లేకుండా.

ఇక్కడ వానాకాలం. వాన అంటే మన వాన కాదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తుంపర. కొండలు కనబడవు. ఆరేసిన చొక్కా మూడు రోజులకి కూడా ఆరదు. గల్ఫంతా ఎండలో మాడుతుంటే ఈ ఒక్క ఊరు మాత్రం పచ్చగా ఉంటుంది. రోడ్డు పక్కన కొబ్బరితోటలు, అరటితోటలు. బొండాలు కొట్టి ఇస్తారు. వచ్చిన కొత్తలో అందరూ “మీకు కోనసీమలో ఉన్నట్టే ఉంటుంది మాస్టారూ” అన్నారు. అలా ఉండదు. చెట్లు మాత్రం అవే. అందుకే ఒక్కోరోజు బస్సులో కూర్చుని కిటికీ తెర లాగేస్తాను. అరటిపళ్ళు మరీ పొట్టివి. బావగారు మండీలో చూస్తే గెల లారీలోంచి దింపకుండానే వెనక్కి పంపేస్తారు.

పని బాగానే ఉంది. తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్సు చెబుతున్నాను. పొద్దున్నే అన్నం వండుకుంటాను, రెండు పూటలకీ అదే. నీ మాగాయ అయిపోవచ్చింది. ప్రకాశం గారు తిరిగి వచ్చేటప్పుడు వీలైతే ఒక సీసా పంపు. వీలుకాకపోతే వద్దు. ఆరోగ్యం బాగానే ఉంది.

ఇప్పుడు రైలు సంగతి. అసలు దాని కోసమే రాస్తున్నాను.

ఈ దేశంలో జనం ఎక్కే రైలు లేదు. మా బిల్డింగులో పిల్లల్లో సగంమంది రైలు ఎక్కనేలేదు. స్కూలు ఎగ్జిబిషన్ కోసం అట్టలతో ఒక స్టేషను, ఒక వంతెన చేసి, పట్టాలు పరిచి, నా గదిలో బొమ్మ రైలు నడిపి చూస్తున్నాను. తలుపు తీసి ఉంది. కింది వాటాలో ఉండే జాహ్నవి అనే పిల్ల వచ్చి నిలబడింది. ఎనిమిదేళ్ళుంటాయి. తండ్రి కార్ల మెకానిక్కు.

“మాస్టారండీ, ఇదెక్కడికెళ్తుందండీ?”

“నర్సాపురం.”

“పెద్దాపురం వెళ్ళదాండీ? మా అమ్మమ్మగారి ఊరండి.”

“అది ఈ లైను మీద లేదమ్మా.”

“అయితే నేనెక్కి ఏం లాభమండీ!”

ఎగ్జిబిషన్ అయిపోయింది. పిల్లలు మాత్రం శుక్రవారం శుక్రవారం వస్తూనే ఉన్నారు. జాహ్నవి, కేరళ అన్నదమ్ములిద్దరు, ఇంకో ఇద్దరు ముగ్గురు. పెత్తనమంతా జాహ్నవిదే. “గేటు పడిందిరా, కాళ్ళు తీయండి!” అని అరుస్తుంది. తెలుగు ముక్క రాకపోయినా కేరళ పిల్లలకి ఆ ఒక్క మాటా అర్థమవుతుంది. వాళ్ళున్న రెండు గంటలూ నాకు బాగానే గడుస్తుంది. వెళ్ళాక పట్టాలు విప్పి మంచం కింద పెడతాను.

నెల కిందట హారిక వీడియో కాల్ చేసినప్పుడు వాటిని విప్పలేదు. “నాన్నా, వెనకాల ఏంటది?” అంది. నేను ఫోను గోడవైపు తిప్పాను. అయినా ఇంజను చూసేసింది. దాని ముందు భాగంలో వాళ్ళమ్మ పద్మజ గోళ్ళ రంగుతో వేసిన ఎర్ర గీత ఉంటుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పకుండా ఆ ఇంజనును పెట్టెలో పెట్టుకొచ్చాను. తర్వాత మూడు ఆదివారాలు హారిక ఫోను దగ్గరికి రాలేదు. పరాయి పిల్లలతో ఆడుతున్నానని కోపం వచ్చిందనుకున్నాను. పోయినవారం నువ్వు చెప్పావు, “అటక మీది రైలు పెట్టె దింపమని ఒకటే గొడవరా. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం పుట్టినరోజు కదా, మీ బావగారు దింపుతానన్నారు” అని.

ఆ పెట్టె దింపవద్దు. ఎందుకో రాస్తాను.

అమలాపురంలో మా మేడమీద గదిలో మేము కట్టిన లైను నువ్వు చూశావు. కోటిపల్లి నుంచి నర్సాపురం. మనం చిన్నప్పటినుంచి వింటున్న లైను. నేను బయల్దేరేనాటికి నదుల్లో స్తంభాలున్నాయి, రైలు రాలేదు. మా బల్ల మీద మాత్రం అమలాపురానికి రైలొచ్చింది. గౌతమికి, వైనతేయకి, వశిష్ఠకి మూడు వంతెనలు కావాలి. హారిక గార్డు. పచ్చజెండా ఊపితే గాని నేను బండి కదపకూడదు.

మొదట్లో పద్మజ వంటింట్లోంచి వచ్చి ఒకటే అడిగింది, “మా ఊళ్ళో ఆగుతుందాండీ?”

“మీ ఊరు లైను మీద లేదు.”

“ఎవరన్నారు?”

“మ్యాపులో లేదు.”

“మ్యాపు గీసినాయన మా ఊరొచ్చాడా ఏంటి? రాలేదుగా. మీరు గీయండి.”

“గీసెయ్ నాన్నా, లేకపోతే ఇవాళ మనకి అన్నం పెట్టదు” అంది హారిక.

గీశాను. లైను వాళ్ళ ఊరివైపు వంకర తిరిగింది. అక్కడ చిన్న హాల్టు పెట్టాం. ఆ రోజునుంచి పద్మజ కూడా మాతో కూర్చునేది. మొదటి రెండు వంతెనలూ తనే ఐస్‌క్రీం పుల్లలతో కట్టింది. నాకంటే ఓపిక ఎక్కువ.

మూడో వంతెన మొదలుపెట్టే వేళకి రాజమండ్రి ఆస్పత్రిలో ఉంది. శని, ఆదివారాల్లో నువ్వు హారికను తీసుకెళ్ళేదానివి. పద్మజ కుడిచేతికి సూది ఉండేది. అందుకని హారిక స్కేలు పెట్టి గీత గీసేది, తను ఎడమచేత్తో పుల్లలు అంటించేది. “మూడోదానికి కొలత పంపండి” అని నాకు ఫోను చేసింది. కాలేజీనుంచి వచ్చి, కొలిచి, మెసేజి పెట్టాను. పది రోజుల్లో పూర్తి చేసింది. హారిక దాన్ని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చింది. తర్వాత నాలుగు రోజులకి పద్మజ పోయింది.

పన్నెండో రోజు అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం నేను మేడమీదికి వెళ్ళి ఆ వంతెన పెట్టి చూశాను. స్తంభాల మీద నిలవలేదు. మధ్యలోంచి కిందికి జారిపోయింది. పొట్టిదైంది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. నేను రెండు స్తంభాల మధ్య ఖాళీని మాత్రమే కొలిచాను. వంతెన స్తంభాల మీద కూర్చోవాలి కదా, ఆ చివరా ఈ చివరా ఒకటిన్నర సెంటీమీటరు కలపాలి. కలపలేదు. ముప్పైనాలుగు ఉండాల్సింది ముప్పైఒకటి అని పంపాను. కొలవడానికి ముందు ఏది కొలవాలో తేల్చుకోమని ఏటా పిల్లలకి చెప్పే మాస్టారిని.

ముందు దాన్నే రెండుగా విరిచాను. తర్వాత మిగిలినవి. స్టేషన్లు, గేట్లు, ఆ రెండు వంతెనలు కూడా. ఎంతసేపో తెలియదు. కిందికి వచ్చాక నువ్వు “ఏరా, ఏమైంది?” అన్నావు. “అది పట్టలేదు” అన్నాను. ఏది అని నువ్వు అడగలేదు. హారిక పక్కనే అన్నం తింటోంది. లైను విప్పి జాగ్రత్తగా పెట్టెలో పెట్టానని తనతో చెప్పాను. పెట్టె మీద రైలు అని రాసుకుని, మీ ఇంటికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది. అందులో ఉన్నవి ముక్కలు.

<s>కాబట్టి నువ్వు ఒక సహాయం చెయ్యాలి. అటక మీద పెట్టెకి చెదలు పట్టిందని, పారేశారని చెప్పు. బావగారి చేత కూడా అలాగే అనిపించు. కొత్త సెట్టు కొని పంపిస్తానని చెప్పు.</s>

సోమవారం.

ఉత్తరం కవరులో పెట్టాను గాని అంటించలేదు. నిన్న సాయంత్రం హారిక తనే ఫోను చేసింది. నువ్వు గుడికి వెళ్ళావట. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

“నాన్నా, నేను. అత్త లేదు.”

“చెప్పమ్మా.”

“అక్కడున్నది మన ఇంజనే కదా?”

“అవును.”

“మరి నాకు చెప్పలేదేంటి?”

నేను మంచం కిందనుంచి ఇంజను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

“సర్లే. మామయ్య నిచ్చెన వేసుంచాడు. నేనెక్కి పెట్టె ఊపాను. లోపలంతా గలగలమంటోంది. అమ్మ బ్రిడ్జి అందులో ఉందా?”

“ఉంది.”

“పట్టిందా?”

“పట్టింది” అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

“పట్టలేదు. ఆ రోజు నువ్వు అత్తతో అన్నావు. నేను విన్నాను.”

“హారికా...”

“అమ్మ మళ్ళీ ఒకసారి స్కేలు పెట్టి చూడమంది నాన్నా. చూశానని చెప్పాను. చూళ్ళేదు. అందుకే కదా నువ్వు మొత్తం తీసేశావు? అందుకే కదా నన్ను తీసుకెళ్ళలేదు?”

ఏడవడం లేదక్కా. హోంవర్కు సంగతి చెప్పినట్టు చెప్పింది. ఏడాదిన్నరగా ఆ పిల్ల ఇది మోస్తోంది. మనం అన్నం తింటోందా లేదా అని చూస్తున్నాం.

“కాదమ్మా. కొలత తప్పు నాది. నేనే తప్పు పంపాను” అన్నాను.

“నువ్వు ఊరికే అంటున్నావు. అమ్మ వచ్చేవారం ఇంటికొచ్చేస్తుందని కూడా అన్నావు.”

అన్నాను. రెండుసార్లు అన్నాను. ఇంక నా మాట తను ఎందుకు నమ్మాలి? అత్త వచ్చేసిందని ఫోను పెట్టేసింది.

చెదల మాట కొట్టేశాను, పైన చూశావు. అది తనకి చెప్పవద్దు. నన్ను వెనకేసుకు రావద్దు. బావగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

పెట్టె ఆదివారం దాకా ఆపకుండా ముందే దింపించు. తెరిచేముందు నువ్వు పక్కన కూర్చో. ఎవరు విరిచారని అడుగుతుంది. నాన్న అని చెప్పు. ఎందుకంటే, కోపంతో అని చెప్పు. ఎవరి మీద అంటే, నాన్నకి నాన్న మీదే అని చెప్పు. కోప్పడితే కోప్పడనివ్వు. నాన్న పాపం అనే మాట మీ ఇంట్లో ఎవరూ అనవద్దు.

హారికను ఇక్కడికి తీసుకురాకపోవడానికి కారణం ఇంకొకటి. నాకిచ్చింది ఒక గది. అది కాదు అసలు సంగతి. ఆ ఇంట్లో ఉండలేక వచ్చేశాను. పొద్దున్నే లేచి దాని జడ వెయ్యడం నాచేత కాదనుకున్నాను. ఇది నేనే చెప్పుకుంటాను, తను వినే రోజున. సెలవుకి వచ్చే మాట టికెట్టు కొన్నాక చెబుతాను. ముందుగా ఏమీ చెప్పను.

ఇంజను ప్రకాశం గారికి ఇచ్చాను. సాక్సులో చుట్టి ఉంది. హారికదే. జాహ్నవితో కూడా ఇవాళ చెప్పాను. “వచ్చే శుక్రవారం నుంచి బండి లేదమ్మా. అది మా అమ్మాయిది.” ఆ పిల్ల కాసేపు చూసి, “మరి ఇన్నాళ్ళు ఆ అక్క దేంతో ఆడుకుందండీ?” అంది.

మీ అత్తగారికి నా నమస్కారాలు. చంటి పిన్నికి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని విన్నాను, అడిగానని చెప్పు. నువ్వు మెట్లు ఎక్కువ ఎక్కకు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, తిండికి, నిద్రకి లోటు లేదు. నువ్వూ బావగారూ నా బిడ్డను చూసుకుంటున్నందుకు ఏమి రాయాలో తెలియదు. మీ ఇద్దరి దీవెన నాకు ఉండాలి.

ఇంకొక్క పని. దీనికోసమే నిన్న రాత్రి ఈ ఉత్తరం చించకుండా ఉంచాను.

నీ బీరువాలో కింది అరలో పద్మజ ఫోనుంది. ఛార్జింగు పెట్టు. నువ్వు చూడలేకపోతే హారికకే ఇవ్వు, తెరవడం తనకి తెలుసు. అందులో నేను పంపిన మెసేజి ఉంటుంది. చివరినుంచి నాలుగోదో అయిదోదో. పెట్టెలో పద్మజ వంతెన రెండు ముక్కలుగా ఉంది. రెండు ముక్కలే, ఒక్క పుల్ల కూడా పోలేదు. వాటిని కలిపి నేలమీద పెట్టమను. స్కేలు తన చేతికే ఇవ్వు. ముందు కొలవమను, తర్వాత మెసేజి చూడమను. రెండూ ఒకటే వస్తాయి. వాళ్ళమ్మ చెప్పినట్టే, గీత పక్కకి పోకుండా, తను సరిగ్గా కొలిచింది.

తననే కొలవనివ్వు. పక్కనుంచి ఎవరూ అంకె చెప్పవద్దు.

నీ తమ్ముడు,
సూర్యం