ట్యాంకు మీద నాలుగు వందల పదిహేడు

ఖరిదా,
మార్చి 2.

చెల్లెమ్మ కన్యకాంబకు దేముడన్నయ్య దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం, నా చెవులు తప్ప. ముప్ఫై ఆరేళ్లు రైల్వే వర్క్‌షాపులో సుత్తి దెబ్బల మధ్య బతికినవాణ్ణి. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు పీపాలో తేనెటీగలు తిరిగినట్టే ఉంటుంది. అందుకే నాలుగు వీధుల అవతల కొట్టు పెట్టుకున్న నీకు కూడా ఉత్తరం రాయాల్సి వస్తోంది. సరుకుల సంచిలో వేసి మీ వదిన రత్నంతో పంపుతున్నాను. జవాబు కూడా అదే సంచిలో కందిపప్పు కింద పెట్టి పంపు.

విషయం ఏమిటంటే, నీ మేడ మీద సిమెంటు ట్యాంకు దగ్గర నాకు అరగంట పని ఉంది. ఏం పని అని అడక్కు. ఈ సంచి మోస్తున్న మనిషికి తెలియకూడదు. ఆవిడ కంట కాగితం పడితే చదవకుండా వదలదు, బఠాణీల పొట్లం కాగితం కూడా. నువ్వు ఊఁ అంటే వచ్చి, పని చేసుకుని, శుభ్రంగా దిగిపోతాను.

ఇట్లు,
దేముడు,
ఫిట్టరు (రిటైర్డు)

తా.క.: ఈ ఉత్తరం చదువుతున్న రత్నానికి: చదివింది చాలు, సంచి పట్టుకుని బయలుదేరు.

*

ఖరిదా బజారు,
మార్చి 3.

దేముడన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నా ప్రాణం లేచి వచ్చింది. ట్యాంకు దగ్గర పని అన్నారు, అంతకంటే ఏం కావాలి! ఆ వాల్వు ఏడాదిగా కారుతోంది. ముగ్గురు ప్లంబర్లు వచ్చి ముగ్గురూ టీ తాగి వెళ్లారు. మీలాంటి వర్క్‌షాపు చెయ్యి పడితేగానీ అది లొంగదు. వదినకు ఎందుకు తెలియకూడదో నాకు అర్థమైంది. ఇంట్లో కుళాయి కారుతుంటే వదిలేసి ఊళ్లో వాళ్లకు బాగుచేస్తున్నారంటుంది, అంతేగా?

మెట్లు సందులోంచే ఉన్నాయి, ఎప్పుడైనా ఎక్కండి. నేను ఈ సాయంత్రం బండికి బొబ్బిలి పెళ్లికి వెళుతున్నాను. కొట్లో కోడలు భవ్య ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. రోజూ సాయంత్రం నాలుగింటికి మీ మేడ మీద నుంచి ఏదో జంట గొట్టాల యంత్రం నా మేడ వైపు తిరిగి మెరుస్తోంది. ఏమిటది? ఆ వేళప్పుడు నేను అప్పడాలు ఎండాయో లేదో చూసుకోవడానికి పైకి ఎక్కుతాను. దానికి తప్ప ఇంకెందుకూ ఎక్కను.

ఇట్లు,
మీ చెల్లెలు కన్యకాంబ

తా.క.: సుగరు వచ్చిన దగ్గర నుంచి నాలుగు నెలలుగా తీపి ముట్టలేదు. పక్కనే బెంగాలీ మిఠాయిల మిష్టీ దుకాణం ఉన్నా తల తిప్పి చూడను. భవ్యను అడగండి కావాలంటే.

రెండో తా.క.: వదిన ఇది చదివితే: జీలకర్ర అయిపోయింది, రేపు వస్తుంది.

*

ఖరిదా,
మార్చి 6.

చెల్లెమ్మకు ఆశీస్సులు.

పెళ్లి భోజనాలు బాగా జరిగాయని తలుస్తాను. నిన్న గురువారం నీ ట్యాంకు దగ్గర నా పని ముగించాను. బ్రహ్మాండంగా కుదిరింది.

ఇక ఆ జంట గొట్టాల సంగతి. ఈ కవరుకు వర్క్‌షాపు జిగురు వేశాను, రత్నం కాదు కదా క్రేను కూడా విప్పలేదు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. అది చుక్కలు చూసే పెద్ద బైనాక్యులర్సు. రెండు కిలోల పైచిలుకు బరువు. చేత్తో పట్టుకుంటే చుక్కలు వణుకుతాయి, అందుకని ఇనప స్టాండు కట్టాను. స్టాండు మీద పెడితే ఇంకో చిక్కు. అందులో ఒకసారికి కనబడేది బొటనవేలి గోరంత ఆకాశం. గురుగ్రహం కోసం వెతికితే గంటసేపు ఖాళీ ఆకాశమే కనబడుతుంది. తుపాకీకి ఉన్నట్టు దీనికీ ఒక గురి ఉండాలి. కొనడానికి దొరుకుతాయి. కానీ ఫిట్టరు అనేవాడు కొంటే పరువేం మిగులుతుంది?

వెనక ఒక నట్టు, ముందు రత్నం పాత ఇత్తడి గాజు బిగించాను. నట్టు చిల్లులోంచి చూస్తే గాజు నడిమధ్యలో ఏ చుక్క ఉంటుందో, బైనాక్యులర్సులో కూడా అదే కనబడాలి. రెండూ ఒకచోటే చూస్తున్నాయో లేదో పగటి వెలుగులో దూరంగా ఉన్న వస్తువు మీద సరిచూసుకోవాలి. మా మేడ మీద నుంచి అలా అడ్డం లేకుండా కనబడేది నీ ట్యాంకు ఒక్కటే.

ఇదంతా రత్నం కోసం. ముప్ఫై ఆరేళ్లు ఏటేటా ఊరు తిప్పుతానని చెప్పి, సెలవు పెట్టలేక, రైల్వే ఫ్రీ పాసులన్నీ మురగబెట్టాను. ఇప్పుడు ఆవిడ మెడనొప్పితో తల ఎత్తలేకపోతోంది. ఈసారి పెళ్లిరోజుకి కుర్చీలో కూర్చోబెట్టి, తల ఎత్తకుండానే గురుగ్రహాన్నీ దాని నాలుగు చందమామలనూ చూపించాలి. అంత దూరానికి పాసు కూడా అక్కర్లేదు. ఈ ఒక్క ప్రయాణమైనా తప్పిపోకూడదు చెల్లెమ్మా, నా బెంగంతా అదే.

రత్నం రోజూ అడుగుతోంది: "ఏటి సేస్తన్నారు మేడ మీద? పావురాలు పెంచుతన్నారేటి?" నాకు వినబడనట్టు ఊరుకుంటాను. చెవుడు వల్ల ఉన్న లాభం ఇదొక్కటే.

ఇట్లు,
దేముడు

తా.క.: నాలుగింటికి చూసేది నేను కాదు. నాలుగింటికి నేను నిద్రలో ఉంటాను. నా పని ఐదున్నరకి. ఏ కాకో వాలి గొట్టాన్ని తిప్పుతోందేమో.

*

ఖరిదా బజారు,
మార్చి 8.

అన్నయ్యగారికి,

కాళ్లూ చేతులూ ఆడటం లేదు. వదినకు గురుగ్రహం చూపించండి, సంతోషం. నాకు మాత్రం శనిగ్రహం పట్టింది.

నిన్న పెళ్లి నుంచి వచ్చేసరికి నా మేడకు గుర్తు వేసి ఉంది. పడగొట్టబోయే కట్టడాలకు రైల్వే స్థలాల వాళ్లు వేస్తారే, ఆ గుర్తు. గడువు కూడా రాశారు, పద్నాలుగో తేదీ. ఎదురుగా బట్టల కొట్టు మోహనకృష్ణ పైకి వెళ్లి చూసి, ముఖం వేలాడేసుకుని దిగాడు. "అమ్మా, నాను సిన్నప్పట్నించీ సూస్తన్నాను ఇలాటివి. ఇది కూల్చేసే గుర్తే" అన్నాడు.

ఈ కొట్టు మా మామగారు గోనెసంచి పరుచుకుని మొదలుపెట్టింది. పెళ్లయిన మూడో రోజు నుంచి నేను ఈ కాటా వెనకే నిలబడ్డాను. ఇది పోతే నాకు నిలబడటానికి ఇంకో చోటు తెలియదు.

మీరు రైల్వే మనిషి. ఎవరు వేశారో, ఎందుకు వేశారో కనుక్కోండి. మీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
కన్యకాంబ

తా.క.: వాల్వు ఇంకా కారుతూనే ఉంది. కూల్చేసేదానికి వాల్వు ఎందుకులెండి.

*

ఖరిదా,
మార్చి 9.

చెల్లెమ్మా, ధైర్యంగా ఉండు.

నేను బతికుండగా నీ కొట్టు మీద గునపం పడదు. గురువారం నేను పైకెక్కినప్పుడు అలాంటి గుర్తేమీ లేదు. అంటే నేను దిగాక ఎవడో ఎక్కాడు. చెప్పాపెట్టకుండా పరాయి మేడ ఎక్కి గుర్తులు వేసేవాణ్ణి ఏమనాలి? అలాంటివాడికి సిగ్గుండాలి, బుద్ధుండాలి, పై అధికారి చేత నాలుగు చీవాట్లుండాలి. నా కంట పడితే నేనే పెడతాను.

పైగా పద్నాలుగునే పెట్టాలా గడువు? అదే మా పెళ్లిరోజు! ఎంత చెడ్డ ముహూర్తం చూసుకున్నాడో.

నిన్నటి నుంచి బైనాక్యులర్సు నీ మేడ వైపే తిప్పి పెట్టి కాపలా కాస్తున్నాను. ఒక్కడు అనుమానంగా కనబడ్డాడు. గళ్ల లుంగీ, పొట్ట, ట్యాంకు చుట్టూ తిరిగి వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు. వాడే అయ్యుంటాడు. భవ్యతో చెప్పి పట్టించు.

ఒక ముఖ్యమైన సంగతి. పద్నాలుగు సాయంత్రం దాకా ట్యాంకును ఎవరూ కడగకూడదు, సున్నం వేయకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. కారణం తర్వాత చెబుతాను.

ఇట్లు,
దేముడు

తా.క.: ఆ కాకి నిన్న కూడా గొట్టం తిప్పేసింది. కాకి స్క్రూ విప్పి మళ్లీ బిగించడం నా సర్వీసులో చూడలేదు.

*

ఖరిదా బజారు,
మార్చి 11.

అన్నయ్యగారికి నమస్కరించి,

మీరు చెప్పిన గళ్ల లుంగీ మనిషిని భవ్య పట్టుకుంది. అతను మోహనకృష్ణ. లెక్కపెడుతున్నది దుకాణాలు. ట్యాంకు మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ మార్కు, దాని కింద 417, దాని కింద 14 అని ఉంది కదా. "నాను సెప్తన్నాను, నాలుగొందల పదిహేడు దుకానాలు పడగొట్టేస్తారు. మొదటిది నీదే" అంటున్నాడు. బజారంతా కలిపి మూడొందలు కూడా లేవని భవ్య అంటే, "మిగతావి ముందు కట్టిస్తారు, తర్వాత పడగొడతారు" అన్నాడు.

ట్యాంకు ముట్టుకోవద్దని మీరు రాయడంతో నా అనుమానం తీరిపోయింది. రైల్వే మనిషే అంత గట్టిగా చెప్పాడంటే సాక్ష్యం చెరిగిపోకూడదనే కదా! మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. అర్జీ రాశాం. బెంగాలీ వాళ్లూ, తెలుగువాళ్లూ, అందరూ సంతకాలు పెట్టారు. మిష్టీ దుకాణం దాదా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పద్నాలుగు సాయంత్రం షామియానా వేసి, మైకు పెట్టి, బజారంతా కూర్చుంటాం. మొదట మాట్లాడేది మీరే. పేరు కూడా రాయించేశాం.

ఇట్లు,
కన్యకాంబ

తా.క.: మైకు పెట్టినా మీకు వినబడదు కాబట్టి, మీ వంతు రాగానే భవ్య మీ చొక్కా లాగుతుంది.

*

ఖరిదా,
మార్చి 12.

చెల్లెమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న రత్నం ఎందుకో నీ ఉత్తరం నా కంచం పక్కన పెట్టి, అది చదివేదాకా అన్నం వడ్డించలేదు. చదివాక నాకే అన్నం దిగలేదు.

ఆ గుర్తు వేసిన సిగ్గులేనివాణ్ణి నేనే.

నాలుగు వందల పదిహేడు వర్క్‌షాపులో నా టోకెన్ నంబరు. మా దగ్గర ఏ పని చేతికి తీసుకున్నా మూడు గీయకుండా మొదలుపెట్టం. గురి కోసం ఇంటూ మార్కు, ఎవరి పనో తెలియడానికి టోకెన్ నంబరు, ఎప్పటికి పూర్తి కావాలో ఆ తేదీ. రిటైరయ్యాక కూడా చెయ్యి దానంతట అదే రాసేసింది. నేను వెళ్లింది గురి చూసుకోవడానికి ట్యాంకు మీద గుర్తు గీయడానికే. వాల్వు వైపు కన్నెత్తి చూడలేదు. నువ్వు గుర్తు అని రాసినప్పుడు కొట్టు ముందు గోడ మీద ఇంకెవరో కొత్తగా వేశారనుకున్నాను. నీ కొట్టుకు ఏ భయమూ లేదు.

నువ్వు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. బజారువాళ్లకు నువ్వే చెప్పు. నన్ను ఎన్ని తిట్లైనా తిట్టమను, ఎలాగూ వినబడవు.

ఒక్కటే అడుగుతాను. ఎల్లుండి సాయంత్రం దాకా ఆ గుర్తు చెరపకు. ఆ కాకి రోజూ గురి చెడగొడుతోంది, రోజూ సరిచూసుకోవాలి. చెరిపేసినా నీది తప్పనను.

ఇట్లు,
417

తా.క.: ఆదివారం పొద్దున్నే వాల్వు పనికి వస్తున్నాను. ఈసారి గోడ మీద ఏమీ రాయను.

*

ఖరిదా,
మార్చి 15.

కన్యకాంబ వదినకు రత్నం నమస్కారాలు.

ఇన్నాళ్లూ మీ ఇద్దరి ఉత్తరాలు మోశాను, నా ఉత్తరం నేనే మోసుకు రావడం ఇదే మొదలు. ఈయన వర్క్‌షాపు జిగురు ఇడ్లీ పాత్ర ఆవిరి ముందు రెండు నిమిషాలు కూడా ఆగదు. అన్నీ చదివాను. 417 అని మీరు రాయగానే బజారంతా భయపడుతున్నది ఈయన గుర్తుకేనని నాకు తెలిసిపోయింది. ముప్ఫై ఆరేళ్లు ఆ నంబరు బిళ్ల ఉన్న చొక్కాలు ఉతికినదాన్ని కదా. అందుకే ఆ ఉత్తరం చదివేదాకా ఈయనకు అన్నం పెట్టలేదు.

నిన్న మీరు మైకు పట్టుకుని "ఇది కూల్చే గుర్తు కాదు, మా అన్నయ్య ప్రేమ గుర్తు" అన్నారట. గుర్తు చెరపకపోగా చుట్టూ పసుపు రాశారట. మీ మనసు పెద్దది వదినా. కానీ షామియానా వృథా కాకూడదని బజారంతటినీ మా మేడ మీదికి తోలుకొచ్చారు చూడండి, అది మాత్రం పెద్ద తప్పు.

ఈయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మెడ కింద దిండు పెట్టి, గురి పెట్టడం మొదలుపెట్టారు. ఎక్కేటప్పుడు మోహనకృష్ణ పొట్ట తగిలి గాజు పక్కకు జరిగింది, ఎవరూ చూసుకోలేదు. అప్పటికి మీ గుర్తు కనబడని చీకటి. అరగంట వెతికినా ఖాళీ ఆకాశమే. అందరూ చూస్తున్నారు. ఈయన గొట్టం వదిలేసి నా వైపు తిరిగారు. "పాసు మళ్లీ మురిగిపోయింది రత్నం" అన్నారు.

"లెగండి, నాను సూస్తాను" అన్నాను.

వీధి చివరి కరెంటు స్తంభం మీద ఎర్రదీపం బైనాక్యులర్సులోకి తెచ్చి, స్క్రూ వదులు చేసి, ఆ దీపం గాజు నడిమధ్యకు వచ్చేలా జరిపి బిగించాను. గొట్టం పైకి తిప్పి గాజులోకి పెద్ద చుక్కను తెచ్చాను. కన్ను పెడితే, అబ్బ! పాల బొట్టులా గురుగ్రహం, పక్కన వరుసగా నాలుగు ముత్యాలు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఏటే, నీకెలా తెలుసిది?" అని ఈయన నోరు తెరిచారు.

నా గాజు ఏమైందా అని పోయిన నెల మేడెక్కి చూశాను వదినా, ఆ యంత్రానికి బిగించి ఉంది. ఎందుకో తెలియక రోజూ నాలుగింటికి, ఈయన నిద్రపోగానే ఎక్కి నేర్చుకున్నాను. తర్వాత మీ ట్యాంకు మీద గుర్తు వచ్చింది, పని సులువైంది. స్క్రూ విప్పి బిగించిన కాకిని నేనే.

ముప్ఫై ఆరేళ్లు ఆ నంబరు రైల్వే పనుల మీదే పడింది. మొదటిసారి నా పని మీద పడింది. దాన్ని ఎప్పటికీ చెరపకండి వదినా, ఎండకు వెలిస్తే నేనే వచ్చి రంగు వేస్తాను.

ఇట్లు,
రత్నం

తా.క.: మా పెళ్లిరోజు నిన్న కాదు, ఈరోజు. ఈయనకు చెప్పలేదు. చెబితే పని ఒకరోజు ముందే పూర్తిచేశానని మురిసిపోతారు.

రెండో తా.క.: నాలుగింటికి ట్యాంకు చాటున మీరు చూసుకునే అప్పడాలు గుండ్రంగా, తెల్లగా, పాకంలో తేలుతూ కనబడ్డాయి. రోజుకు రెండు, శనివారం మూడు. భవ్యకు చెప్పను. ఈరోజు పెళ్లిరోజు కదా, ఆ మిష్టీ దుకాణం మట్టి కుండ పట్టుకుని సాయంత్రం మా మేడ మీదికే రండి, కలిసి తిందాం.