ఖాళీ జాగా అని రాసిన చోట

చిరంజీవి భార్గవికి మీ బాపు ఆశీస్సులు.

నేనూ మీ అమ్మా క్షేమమే. ఊరు క్షేమమని మాత్రం రాయలేను. నీ ఉత్తరం అందింది. ఫోన్లో అరుస్తానని భయపడి ఉత్తరం రాసినట్టున్నావు. మంచిదే, రాతలో అరవడం నాకు ఇంకా బాగా వచ్చు.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. కొత్తగూడెంలో చూపించాం. మెట్లు ఎక్కవద్దన్నాడు డాక్టరు. ఇకమీద ఊళ్లో కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉండాలని ఊళ్లకు ప్లాన్లు గీసే మీ కంపెనీ తీర్మానించింది కాబట్టి మీ అమ్మ ఎక్కడ ఉండాలో మీరే చెప్పాలి.

ఆ ప్లాను మీద ఊళ్లో పెట్టిన సభ ఎలా జరిగిందని రెండో ప్రశ్న. చెబుతాను. పోయిన గురువారం బడి ఆవరణలో షామియానా వేశారు. ఖమ్మం పెరిగి పెరిగి పగిలిపోకుండా చుట్టూ కొన్ని ఊళ్లను చిన్న పట్నాలుగా పెంచుతారట. అందులో మనదొకటి. దానికి ‘వృద్ధి కేంద్రం’ అని పేరు. ఇల్లు, పని, అంగడి, బడి అన్నీ కాలినడకన అందేలా ఉండాలన్నారు. ఆ మాటతో నాకు తగువు లేదు. నువ్వు పుట్టకముందు నుంచీ ఇలాంటి పుస్తకాలు తెప్పించుకుని చదివినవాణ్ణి. నగరం మనిషి అడుగుకు అందాలని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకాన్ని వీళ్ల నోటి వెంట వింటుంటే, నా చొక్కా ఎవడో తొడుక్కుని కల్లు దుకాణానికి వెళ్లినట్టనిపించింది.

ముందు వరుసలో బాబూరావు. ఒకప్పుడు నేను నడిపిన పఠన మందిరాన్ని సిమెంటు గోదాముగా మార్చినవాడే. ఆ రోజు నా పుస్తకాలు వానలో తడిశాయి. ఇప్పుడు వాడే లేచి, ఊరికి గ్రంథాలయం కావాలని, అది రెండో అంతస్తులో ఉంటే గాలి బాగా వస్తుందని ఉపన్యసించాడు. మన ఏజెన్సీలో భూమిని గిరిజనులు కానివాళ్లు కొనకూడదన్న చట్టం ఉండగా ఆ అంతస్తులు ఎవరి పేరు మీద లేస్తాయో వాడికి బాగా తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు. నా దగ్గర చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఏం చదివించానో ఏమో.

అప్పుడు తెర మీద మ్యాపు వేశారు. సోమవారం సంత జరిగే మైదానం ఉండాల్సిన చోట లేత ఆకుపచ్చ రంగు, దాని మీద ‘ఖాళీ జాగా’ అన్న రాత. అక్కడ మూడంతస్తుల భవనం వస్తుంది. మిగతా ఆరు రోజులు ఆ మైదానం ఖాళీయే, అది అబద్ధం కాదు. కుక్కలు పడుకుంటాయి, పేడ ఎండుతుంది. కొలతలకు వచ్చినవాళ్లు ఏ రోజు చూశారో ఆ రోజు కనబడిందే ఊరు అనుకున్నారు.

జంపక్క లేచింది. అడవి లోపలి నుంచి ఇప్పపువ్వు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్ముతుందే, ఆ జంపక్కే. కోయగూడెం ఆడవాళ్లలో నోరు విప్పింది ఆమె ఒక్కతే.

“కింద దుకాణం, పైన ఇల్లు అంటున్నరు. నా గంప యాడ దించాలె సారూ?”

అధికారి నవ్వి, దరఖాస్తు పెట్టుకుంటే షట్టర్ ఇస్తామన్నాడు.

“వారానికి ఒక్క పూట కూసుంట. దానికి షట్టర్ ఏంది? కిరాయికి నా ఇప్పపువ్వు సరిపోతదా?”

జనం నవ్వారు. ఆమెను చూసి నవ్వారు, భార్గవీ. సంతలో ఆమె దగ్గర కొసరు లేకుండా కదలని జనం. అధికారి ఆమె మాట రాసుకోలేదు, తరువాతి వాళ్లను పిలిచాడు. అంత అసహ్యం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. నా జేబులో అభ్యంతర పత్రం సిద్ధంగా ఉంది. లేవబోయాను.

ఇక నీ చివరి ప్రశ్న. సభలో నా పేరేమన్నా వచ్చిందా బాపూ అని చిన్న అక్షరాలతో అడిగావు. రాలేదు. ఎందుకు రాలేదో విను.

మ్యాపు కింద మూలన ఇంగ్లీషులో నాలుగు పేర్లున్నాయి. మూడోది నీది. నేను చదివాను. బాబూరావు కూడా చదివాడు. నేను లేవబోతుంటే పక్కకొచ్చి కూర్చుని చెవిలో అన్నాడు:

“పాప మంచిగ గీసింది సారూ. నేనైతే ఎవలకు చెప్పలే. మీరు గూడ ఊకె కాయితాలు ఇయ్యకుండ్రి.”

నేను కాగితం జేబులోనే ఉంచుకున్నాను. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ప్రతివాడి తప్పూ వాడి మొహానే చెప్పిన ఈ దేవ్‌సింగ్ సారు, బాబూరావు ఒక్క మాటకు కూర్చుండిపోయాడు.

అంతటితో అయిపోలేదు. సభ ముగిశాక జంపక్క నా వెనకే వచ్చింది. “మన పాప పట్నంల గిసొంటి పనే చేస్తదట గద సారూ. ఆమెకు ఒక్క మాట చెప్పరాదు? ఆమెకు ఎరుకే, చిన్నప్పుడు నా పక్కన్నే కూసునేది” అంది. సంతలో మీ అమ్మ సరుకులు కొని వచ్చేదాకా జంపక్కే నిన్ను తన గంప దగ్గర కూర్చోబెట్టుకునేది. నీకు గుర్తుండే ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, ఆ రంగు వేసేటప్పుడు నీ చేయి ఎలా ఆడింది? పైవాళ్లు చెప్పారా? తెలిసీ ఊరుకున్నావా?

జంపక్కతో నేనన్నది రాస్తున్నాను. “మా పాపది వేరే పని, దీనికీ ఆమెకూ సంబంధం లేదు” అన్నాను. ఆమె నమ్మింది. “అట్లనా” అని గంప నెత్తిన పెట్టుకుని పోయింది. నా మాట నమ్మినందుకు కూడా ఆమె మీద కోపం వచ్చింది.

అభ్యంతరాలకు వచ్చే సోమవారం సాయంత్రంతో గడువు ముగుస్తుంది. నాది ఇస్తాను. గీసిన వాళ్లలో ఒకరు నా బిడ్డ అనీ, ఆమెకు ఆ సంత తెలుసనీ అందులో రాస్తాను. నీ ఉద్యోగానికి దాని వల్ల ఏమవుతుందో తెలియకుండా ఈ మాట అనడం లేదు. బాబూరావు ఊరంతా చాటుతాడు, చాటనీ. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. నువ్వు ఊళ్లు గీస్తావని అందరికీ చెప్పుకుంటోంది.

నువ్వు ఆదివారం బస్సుకు వస్తే, సోమవారం పొద్దున సంతలో జంపక్కకు నువ్వే చెప్పు. ఆ తర్వాత ఆ కాగితం మీద నువ్వు కూడా సంతకం పెడతావో లేదో నీ ఇష్టం. రాకపోతే నేనే చెబుతాను. ఆమె నన్ను ఏమన్నా పడతాను. నిన్ను ఏమన్నా అంటే మాత్రం, నిలబడి వినాలో, అడ్డం పోవాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
మీ బాపు