అమ్మతో దెబ్బలాట

అన్నయ్యకి చెల్లెలు కోపంతో రాస్తున్న ఉత్తరం.

నువ్వు పశువుల డాక్టరువే కావచ్చు. నా భుజం నరాల నొప్పికి కెటమిన్ అనే మత్తుమందు ఎక్కిస్తారని చెప్పగానే, "అది మేం గుర్రాలకిస్తామే!" అని ఫోన్లో అంత గట్టిగా అరవాలా? పక్కనే ఉన్న అమ్మ వినేసి ఇల్లు పీకి పందిరేసింది.

"మనుషులకీ ఇస్తామమ్మా, తక్కువ మోతాదులో," అని డాక్టరమ్మ ఎంత చెప్పినా నమ్మక ఆసుపత్రిలో నా మంచం పక్కనే కాపలా కూర్చుంది. మందు ఎక్కుతుంటే నేను దూదిలా తేలిపోయి, "అమ్మా, నీ ముక్కు ఎంత పెద్దదే!" అన్నానట. బీపీ చూస్తున్న నర్సు నవ్వాపుకోలేకపోయిందట.

నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మళ్ళీ ఎక్కించుకోవాలి. అయితే ఇన్నాళ్ళూ దిగులుతో గోడవైపు తిరిగి పడుకున్న నేను, నిన్న మిషను ముందు కూర్చుని అమ్మకి జాకెట్టు కుట్టాను.

"చంక పట్టేసింది. చేతకాకపోతే కుట్టకు," అంది.

"జాకెట్టు బాగానే ఉంది, నువ్వే లావయ్యావు!" అన్నాను.

మాటా మాటా పెరిగింది. ఉన్నట్టుండి అమ్మ ఏడ్చేసింది. కంగారుపడి దగ్గరికెళితే, "ఎన్నాళ్ళకి నాతో దెబ్బలాడావే తల్లీ!" అంది.

ఇప్పుడా మందు తన మోకాళ్ళకీ కావాలట. ప్రతి నొప్పికీ అది పనికిరాదని నువ్వే చెప్పు. నేను చెప్పలేను, మా దెబ్బలాట ఇంకా అవలేదు.

నీ చెల్లెలు